చెవి తెరుచుకున్నవాడు

ఈ ఎండాకాలం మొదట్లో నేను ఒకే ఉత్తరాన్ని నాలుగు దేశాలకు పంపాను. థాయ్‌లాండ్, ఇండోనేషియా, ఈజిప్టు, మాల్టా. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో దిగడం నేర్పి, దాన్నే ఉద్యోగంగా చేసుకునేవాళ్లను తయారుచేసే స్కూబా బడులు ఆ నాలుగు చోట్లా ఉన్నాయి. ఎక్కడ చేరాలో తేల్చుకోలేక నాలుగింటికీ రాశాను. ఆ ఉత్తరంలో నా గొప్ప చెప్పుకుంటూ రాసిన ఒక్క వాక్యం నా కొంప ముంచింది. బుద్ధున్నవాడెవడైనా అలాంటి వాక్యం రాస్తాడా అని మీరు అడగొచ్చు. మా ఇంట్లో పుట్టినవాడెవడైనా రాస్తాడు.

మాది పెనుకొండ దగ్గరి పల్లె. మా నాయన బావుల్లో దిగేవాడు. మోటరు పైపు నీళ్లలోకి పోయే చివర ఫుట్‌వాల్వు అని ఒకటి ఉంటుంది. దాంట్లో ఆకులూ బురదా చేరితే నీళ్లు పైకి ఎక్కవు. పైపంతా విప్పి లాగాలంటే నలుగురు మనుషులు, ఒక పూట పని. నాయన నడుముకు తాడు కట్టుకుని, ఊపిరి బిగపట్టి దిగి, చీకట్లో చేత్తో తడిమి శుభ్రం చేసి వచ్చేవాడు. వానలకు మునిగిపోయిన మోటర్లకు తాళ్లు కట్టి వచ్చేవాడు. కొత్తచెరువు నుంచి, తాడిమర్రి నుంచి కూడా ఆయన కోసం మనుషులొచ్చేవాళ్లు. ఇప్పుడా బావులు చాలావరకు ఎండిపోయాయి. ఎక్కడ చూసినా బోర్లే. బోరులో మనిషి పట్టడు కాబట్టి నాయన పని దానంతటదే పోయింది.

బావిలో దిగేవాళ్లకు ఒక నమ్మకం ఉండేది. రెండు మనిషి నిలువుల లోతు దాటగానే చెవుల్లో పోటు పుడుతుంది. చెవి మూసుకుని ఉండటం వల్లే ఆ పోటు వస్తుందని, పదే పదే దిగితే ఒకనాడు చెవి తెరుచుకుంటుందని, ఆ తరువాత ఎంత లోతుకు పోయినా నొప్పి ఉండదని వాళ్ల లెక్క. చెవి తెరుచుకోనివాడు గట్టు మీద తాడు పట్టుకోవాల్సిందే. తెరుచుకున్నవాడే దిగేవాడు. మా నాయనకు చెవి తెరిపించింది ఆయన నాయన. నాకు తెరిపించడం మా నాయన బాధ్యత. అందులో ఎవరికీ తప్పు కనపడలేదు, నాతో సహా.

నాకప్పుడు పన్నెండేళ్లు. వేసవి సెలవులు. ఊరి బయట ఒక రైతు బావిలో నాలుగు నిలువుల నీళ్లున్నాయి. మూడు రోజులుగా నాయన నన్ను దింపుతున్నాడు. మూడో రోజు పైకి వచ్చి మెట్టు పట్టుకుని ఏడ్చేశాను.

"నొప్పి నాయనా. సూదితో పొడిచినట్లుండాది."

"పుడతాది. అందరికీ పుట్టేదే. ఇంగొక్కసారి దిగు."

గట్టు మీద గుడ్డలు పిండుతున్న అమ్మ తల ఎత్తింది. "సాలు, ఈ పొద్దుకు పైకి రానీ. బిడ్డ ఏడుస్తాండాడు."

"ఇంగొక్కసారేమే. ఈసారి తెరుసుకుంటాది చూడు," అన్నాడు నాయన.

దిగాను. అడుగు అందేలోపు కుడి చెవిలో ఏదో పుటుక్కుమంది. నొప్పి ఒక్కసారిగా పోయింది. లోపలికి చల్లగా నీళ్లు పోయాయి. ఆ వెంటనే బావి గోడ గిర్రున తిరిగింది. పైకి ఎటో కిందికి ఎటో తెలియలేదు. గోడను తన్నుకున్నాను, నీళ్లు మింగాను. నాయన తాడు లాగి పైకి తెచ్చాడు. చెవి దగ్గర నెత్తురు చుక్క చూసి ఆయన అరిచిన అరుపుకు పక్క చేలోవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఏదో అయిందనుకుని వచ్చినవాళ్లకు నాయన నవ్వుతూ కనిపించాడు. నన్ను భుజాల మీద ఎత్తుకుని ఊళ్లోకి తీసుకుపోయాడు. అవ్వ వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసింది. అమ్మ కోడిని కోసి సంగటి కెలికింది. మరుసటి రోజు నాయన నన్ను పెనుకొండ బస్టాండు దగ్గరి టీ అంగడికి తీసుకుపోయి, కూర్చున్నవాళ్లందరికీ "మావానికి సెవి తెరుసుకుండాది" అని చెప్పాడు. తల తుడుచుకోవడానికి నాకొక కొత్త టవలు కొనిచ్చాడు. మా నాయన ముఖంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు. నాకూ అంతే సంతోషం. ఏడ్చిన సంగతి సాయంత్రానికే మరిచిపోయాను.

ఆ తరువాత ప్రతి ఏడూ వానలకు నా కుడి చెవి చీము కారేది. నాయనకు రెండూ కారేవి. ఇద్దరం దూది పెట్టుకుని తిరిగేవాళ్లం. చేనులో పనిచేసేవాళ్లకు చేతులు కాయలు కాస్తాయి కదా, ఇదీ అలాంటిదే అనుకున్నాం. కుడి వైపు నుంచి ఎవరైనా పిలిస్తే రెండోసారి పిలవాల్సి వచ్చేది. నాకు పొగరని స్కూల్లో అనుకునేవాళ్లు. నేనూ కాదనలేదు.

పెద్దయ్యాక పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీకి సామాన్లు చేసిపెట్టే చిన్న కంపెనీలో చేరాను. మూడు నెలలు ఒకే రకం బోల్టు బిగించి, నా వల్ల కాదని వచ్చేశాను. హిందూపురంలో ఒక ప్రైవేటు ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పే పని దొరికింది. నీళ్ల పక్కన నిలబడటానికి జీతమిస్తామంటే ఎవడు వద్దంటాడు? ఆ కొలను ఒక చివర పన్నెండు అడుగుల లోతు ఉండేది. దాని కోసమే బెంగళూరు నుంచి ఒక స్కూబా మాస్టారు నెలకోసారి తన శిష్యులతో వచ్చేవాడు. సిలిండర్లు మోసే పని నాది.

ఒక ఆదివారం మధ్యాహ్నం శిష్యులంతా భోజనానికి పోయాక ఆయన నన్ను పిలిచి, "ఎన్ని రోజులు మోస్తావు, ఒకసారి పీల్చి చూడు" అని సిలిండరు నా వీపుకు కట్టాడు. అడుగున కూర్చున్నాను. అలవాటు కొద్దీ ఊపిరి బిగపట్టాను. ఆయన ఎదురుగా కూర్చుని పీల్చమని సైగ చేశాడు. పీల్చాను. గాలి వచ్చింది. మళ్లీ పీల్చాను. మళ్లీ వచ్చింది. నాయనతో బావుల్లో దిగిన అన్నేళ్లూ నీళ్లలో నేనెప్పుడూ తొందరలోనే ఉన్నాను. దిగడం, తడమడం, ఊపిరి అయిపోయేలోపు పైకి రావడం. నీళ్లలో తీరిగ్గా కూర్చోవచ్చని అప్పుడే తెలిసింది. అద్దం వెనక నాకు కన్నీళ్లొచ్చాయి. కొద్దిగా తల తిరిగింది గాని, సంతోషం వల్లేననుకున్నాను.

ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు. సముద్రంలో జనాన్ని వెంటబెట్టుకుని దిగే ఉద్యోగం కావాలి, అంతే. ఆ కోరిక ముందు మిగతావన్నీ చిన్నగా కనిపించాయి. పెళ్లి మాట ఎత్తితే లేచిపోయేవాణ్ణి. ఇక్కడ నేర్చుకుంటే చాలదా అని మాస్టారిని అడిగాను. అండమాన్‌లో నేర్చుకోవచ్చు గాని, నాలుగు దేశాల మనుషుల మధ్య నేర్చుకున్నవాడికి ఎక్కడైనా పని దొరుకుతుందని ఆయన అన్నాడు. మా అవ్వ మాత్రం, "అండమాన్ అంటే జైలు కదప్పా, ఆడికెందుకు" అని కొట్టిపారేసింది. నిజం చెప్పాలంటే ఫారిన్ పోయినవాణ్ణి అనిపించుకోవాలని నాకూ ఉంది. మాస్టారి మాట నాకు సాకుగా దొరికింది.

ఎంచుకునే పద్ధతి కూడా ఆయనే చెప్పాడు. ఫొటోల్లో నీళ్ల రంగు చూసి మోసపోవద్దన్నాడు. ఒక్కో గురువు దగ్గర ఎంతమంది శిష్యులుంటారు, ఏడాదిలో ఎన్ని నెలలు సముద్రం దిగనిస్తుంది, కోర్సు అయ్యాక అక్కడే పని ఇస్తారా, ఇంగ్లీషు తడబడేవాణ్ణి ఓపిగ్గా చూస్తారా, దగ్గర్లో డైవింగ్ తెలిసిన డాక్టరున్నాడా. ఈ ఐదూ అడగమన్నాడు. నేను నోటు పుస్తకంలో గీతలు గీసి నాలుగింటికే గళ్లు కట్టాను. డాక్టరు గడి వదిలేశాను. నాకు డాక్టరెందుకు?

కోర్సుకు కావాల్సిన దుడ్ల గురించి ఇక్కడ రాయను. అవి ఎలాగో సమకూరాయి, నా పని ఆగింది వాటి దగ్గర కాదు.

రెండు నెలలు ఆ పుస్తకంతోనే బతికాను. థాయ్‌లాండ్ దీవిలో చవక, కానీ శిష్యులు సంతలో జనంలా ఉంటారట. ఇండోనేషియాలో నీటి లాగుడు ఎక్కువ, అక్కడ నేర్చినవాడికి ఇంకెక్కడా భయం ఉండదట. ఈజిప్టు వైపు ఎర్ర సముద్రంలో గాలి తప్ప ఇంకే ఇబ్బందీ లేదట, అడుగు దాకా కనిపిస్తుందట. మాల్టాలో నీళ్లు చల్లన, కాగితాలు ఎక్కువ, కానీ గురువులు చాలా గట్టివాళ్లట. హిందూపురం నుంచి ఇంటికి పోయే రైలెక్కేటప్పుడు థాయ్‌లాండ్ అనుకునేవాణ్ణి, పెనుకొండలో దిగేసరికి ఈజిప్టు అయ్యేది. ఆ రోజుల్లో నేను పెద్ద షావుకారిలా ఉన్నాను. దేశాలను బేరమాడుతున్నాను.

చివరికి నలుగురికీ రాసి, ఎవరు మర్యాదగా మాట్లాడితే అక్కడికి పోదామని నిర్ణయించాను. ఉత్తరం మాస్టారికి చూపించకుండా నేనే రాశాను. ఇంట్లో కూర్చుని ఫోన్లో టైపు చేస్తుంటే నాయన పక్కకు వచ్చాడు.

"సెవి సంగతి రాసినావా?"

"రాస్తా నాయనా."

"కడాన గాదు, మొదట అదే రాయి. వాళ్లకు తెలియాల గదా, నువ్వు కొత్తోనివి గాదని."

మొదటే రాశాను. పన్నెండో ఏటే నా చెవి తెరుచుకుందని, అప్పటి నుంచి ఎంత లోతుకు పోయినా నాకు నొప్పి తెలియదని. నాయనకు తెలుగులో చదివి వినిపించాను. ఆయన తల ఊపి, బాగుందన్నాడు.

మొదట థాయ్‌లాండ్ నుంచి జవాబొచ్చింది. చెవి తెరుచుకోవడమంటే ఏమిటని ఒకావిడ అడిగింది. ఆమె ఆసక్తి చూసి నేను పొంగిపోయాను. రెండు పేజీలు రాశాను. పుటుక్కుమన్న చప్పుడు, నెత్తురు చుక్క, వెల్లుల్లి నూనె, ఏదీ వదల్లేదు. మరుసటి రోజు మధ్యాహ్నం రెండు వాక్యాల జవాబు వచ్చింది. డైవింగ్ డాక్టరు పరీక్షించి సరేనని సంతకం చేస్తే తప్ప చేర్చుకోలేమని, అంతవరకు ఏ నీళ్లలోనూ దిగవద్దని, వెంటనే చెవి డాక్టరుకు చూపించుకోమని. ఈజిప్టువాళ్లు అదే మాట చెప్పి, ఒక ఫారం జతచేసి పంపారు. మాల్టావాళ్లు చాలా మర్యాదగా కుదరదన్నారు. ఇండోనేషియావాళ్లు ఒక్క ముక్కలో సారీ అన్నారు. నోటు పుస్తకంలో నేను ఏరుకుంటున్నాననుకున్న నాలుగు దేశాలూ వారం తిరిగేలోపు నన్నే ఏరి పక్కన పెట్టేశాయి.

అయినా నాకు బుద్ధి రాలేదు. వాళ్లకు అర్థం కాలేదనుకున్నాను. నాయనా అదే అన్నాడు.

"తెల్లోళ్లకేం తెలుసప్పా బావి సంగతి. మన డాక్టరుకైతే తెలుస్తాది. నేనొచ్చి చెప్తా పా."

ధర్మవరంలో ఒక చెవి డాక్టరున్నాడని విని పెనుకొండలో రైలెక్కాం. నాయన తెల్ల చొక్కా వేసుకున్నాడు. డాక్టరు గది బయట బెంచీల నిండా మగ్గాల పనివాళ్లు. మగ్గాల మోతలో చెవులు పోయినవాళ్లు. అందరూ గట్టిగా అరుచుకుంటూ మాట్లాడుతున్నారు, ఎవరికీ కోపం లేదు. వాళ్ల మధ్య కూర్చుంటే నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

డాక్టరు సన్నటి గొట్టం చెవిలో పెట్టి పక్కనున్న టీవీలో చూపించాడు. పలచటి తెల్లని పొర. దాని మధ్యలో నల్లగా ఒక చిల్లు, అంచులు దళసరిగా.

"దెబ్బ ఎట్లా తగిలింది?" అన్నాడు.

"దెబ్బ గాదు సార్," అన్నాడు నాయన, కుర్చీలో ముందుకు జరిగి. "నేనే తెరిపిచ్చినా. పన్నెండేండ్లప్పుడు. మూడు దినాల్లోనే తెరుసుకునె."

డాక్టరు గొట్టం పక్కన పెట్టి నాయన వైపు తిరిగాడు. కసురుకుంటాడనుకున్నాను. కసురుకోలేదు. అంతకంటే కష్టమైన పని చేశాడు. కాగితం తీసి, బొమ్మ గీసి, నెమ్మదిగా వివరించాడు. చెవి మూసుకుని ఉండటం అనేది లేదని, లోతులో నీళ్ల బరువుకు పొర లోపలికి నొక్కుకుంటుందని, ఆ నొప్పి ఆగమని చెప్పే నొప్పి అని, ఆగకపోతే పొర పగిలిపోతుందని, పగిలాక నొప్పి పోయేది బాగయినందువల్ల కాదని. ముక్కు మూసి లోపల్నుంచి గాలి ఊదితే పొర సర్దుకుంటుందని, సముద్రంలో అందరూ చేసేది అదేనని. అదొక్కటి తెలిసి ఉంటే ఏ చెవీ పగలక్కర్లేదని.

నాయన ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు. "మూసేకి అవుతాదా సార్ ఇప్పుడు?"

"ఆపరేషన్ ఉంది. పొర అతికించొచ్చు."

"అట్లయితే నా సెవిలోది తీసి పెట్టండి. నాకింగ పనేమి దాంతో?"

"అతని ఒంట్లోదే తీసి పెడతారు పెద్దాయనా," అన్నాడు డాక్టరు. తరువాత అడక్కుండానే నాయన చెవుల్లోనూ గొట్టం పెట్టి చూశాడు. రెండు చెవుల్లోనూ పొర దాదాపు లేదు. ఆ సంగతి నాకు మాత్రమే ఎడమ పక్కకు వచ్చి చిన్నగా చెప్పాడు.

నేను అడగాల్సింది అడిగాను. ఆపరేషన్ అయితే సముద్రంలో దిగొచ్చని సంతకం పెడతారా? డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "వినపడటానికైతే చేయించుకో. సముద్రానికి నేను మాట ఇవ్వలేను. అతికినా ఏడాది ఆగాలి, ఆ తరువాతా లోతులో నిలబడుతుందని చెప్పలేం. ఇప్పుడీ చిల్లుతో దిగితే మాత్రం, చల్లనీళ్లు లోపలికి తగిలి తల తిరిగి, పైకి ఎటో కిందికి ఎటో తెలియకుండా పోతావు." అది నాకు తెలియని సంగతి కాదు. పన్నెండో ఏటే తెలుసు. కొలను అడుగున మళ్లీ తల తిరిగినప్పుడు దాన్ని నేను సంతోషమనుకున్నాను.

తిరుగు రైల్లో నాయన ఆ బొమ్మ కాగితం మడిచి పట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ను ఓదార్చాల్సింది. ఓదార్చలేదు. నా బాధ నాకే సరిపోయింది. కిటికీ అవతల ఎర్రమన్ను చేలు పోతున్నాయి, ఎక్కడా చుక్క నీరు లేదు. ఈ నేల మీద పుట్టి సముద్రం కావాలనుకున్న నా తలకాయను ఆ ఇనుప కడ్డీలకు కొట్టుకోవాలనిపించింది.

ఆ తరువాత రెండు వారాలు నేను మనిషిలా లేను. అదే సమయంలో హిందూపురం కొలను యజమాని దాన్ని పూడ్చి ఫంక్షన్ హాలు కడతానని చెప్పాడు. ఎండాకాలం అయిపోతే నాకు ఆ పనీ లేదు. మళ్లీ నోటు పుస్తకం తీశాను. ఈసారి గురువులూ లేరు, నీటి లాగుడూ లేదు. ఒక్కటే ప్రశ్న: ఏ దేశంలో డాక్టరు సంతకం అడగరు? అన్నం తినేటప్పుడూ ఫోనే, పిల్లలు ఈత కొడుతుంటే గట్టు మీదా ఫోనే. అర్థంకాని భాషల్లో అపరిచితులను బతిమాలాను. ఒకడు నన్ను పిచ్చివాణ్ణని తిట్టాడు. వాడి మీద కోపం రాలేదు, ఇంకొకడికి రాశాను.

చివరికి ఒక దీవిలో దొరికింది. పేరు రాయను. అక్కడి మనిషి ఒక ఫారం పంపి, అన్నింటికీ లేదని టిక్కు పెట్టు సోదరా, ఎవరూ చూడరు అన్నాడు. నేను వెతికింది ఆ మనిషి కోసమే. దొరికాక మాత్రం సంతోషం రాలేదు, తొందరొకటే వచ్చింది.

మధ్యాహ్నం వసారాలో కూర్చుని ఆ ఫారం నింపుతుంటే నాయన వచ్చి ఎడమ పక్కన కూర్చున్నాడు. ధర్మవరం నుంచి వచ్చాక ఆయన నా కుడి పక్కన కూర్చోవడం మానేశాడు.

"ఏమి అడుగుతాండారు?"

"ఊరికే నాయనా. ఒంట్లో బాగుందా లేదా అని."

"సదువు, నేనూ వింటా."

చదవక తప్పలేదు. గుండె జబ్బుందా? "లేదు," అన్నాడు నాయన. ఉబ్బసం? "లేదు." మూర్ఛ? "లేదు." షుగరు? "లేదు." ప్రతిదానికీ ఆయనే జవాబు చెబుతున్నాడు, నేను టిక్కు పెడుతున్నాను. చెవి ప్రశ్న వచ్చింది. దాన్ని నేను పైకి చదవలేదు. లేదని టిక్కు పెట్టి కిందికి జరిపాను. నాయనకు ఇంగ్లీషు రాదు, కానీ నా ముఖం చదవడం వచ్చు.

"అది సెవి గురించేనా?"

"ఊఁ."

"లేదని పెట్టినావా?"

"పెట్టినా."

"పోవద్దప్పా," అన్నాడు.

ఆయన నన్ను దేనికీ వద్దని అన్న మనిషి కాదు. ఆ మాటతో నాకు ఒళ్లు మండిపోయింది. "ఈ మాట ఆ పొద్దు బావికాడ అనింటే సరిపోయుండు," అన్నాను.

లోపల అమ్మ చేతిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది. నాయన తల దించుకున్నాడు. ఎదురు తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండేది.

"నాకూ నొప్పి పుట్టె," అన్నాడు. "నేనూ ఏడిస్తి. మా నాయనతో చెప్తి. ఇంగొక్కసారి అనె. అందరికీ ఇంతే అనుకుంటినప్పా. నాకెవరు చెప్పినారు?"

ఆ మాటకు ఇంకా కోపం వచ్చి, ఆయన చూస్తుండగానే ఫారం పంపేశాను. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. రమ్మన్నారు, తేదీ కూడా ఇచ్చారు. మూడు రోజులు నేను విదేశానికి పోతున్న మనిషినే. ఇంట్లో ఎవరూ నాతో దాని గురించి మాట్లాడలేదు. నేనూ ఎవరి ముఖమూ చూడలేదు.

నాలుగో రోజు కొలనులో ఒక పిల్ల కళ్లద్దాలు లోతు వైపు పడిపోయాయి. పన్నెండు అడుగులే. దిగి తీసుకుని తిరిగేసరికి, చెవిలోకి చల్లటి నీళ్లు పోయాయి. కొలను అడుగునున్న నీలం పలకలు ఒక పక్కకు పరుగెత్తాయి. పైకి అనుకుని ఈదాను, నా చేయి నేలకు తగిలింది. ఇంకో వైపు ఈదాను, గోడ. గోడ మీదున్న గొట్టం పట్టుకుని ఎంతసేపున్నానో తెలియదు. తల నీళ్లలోంచి బయటికి వచ్చేసరికి ఆ పిల్ల గట్టు మీద కూర్చుని కాళ్లు ఆడిస్తూ, "నా అద్దాలు దొరికాయా అన్నా?" అని అడుగుతోంది. ఆమె కాళ్లు నా ముఖానికి జానెడు దూరంలో ఉన్నాయి.

నేను కోరుకున్న ఉద్యోగం ఏమిటో అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఉద్యోగంలో నేనొక్కణ్ణే దిగను. మొదటిసారి నీళ్లలో ఊపిరి పీల్చేవాళ్లు భయంతో నా చెయ్యి పట్టుకుంటారు. ఎటు పోవాలో నన్ను చూసి తెలుసుకుంటారు. పైకి ఎటో తెలియనివాణ్ణి నేను. అద్దాలు ఆ పిల్ల చేతిలో పెట్టి, బట్టలు మార్చుకునే గదిలోకి పోయి, టవలు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

దీవి మనిషికి నిజం రాశాను. ఆయన నా నంబరు బ్లాక్ చేశాడు. మాల్టావాళ్లకు మళ్లీ రాశాను. నలుగురిలో గట్టివాళ్లు వాళ్లే కాబట్టి వాళ్లనే ఎంచుకున్నాను. ఆపరేషన్ చేయించుకుని, ఏడాది ఆగి, డాక్టరు సంతకంతో వస్తే చూస్తారా అని అడిగాను. సంతకం వచ్చాక రాయండి, అప్పటిదాకా ఏ మాటా ఇవ్వలేం అన్నారు. ధర్మవరం డాక్టరూ ఇవ్వనన్న మాట అదే. ఎవరూ మాట ఇవ్వని పని కోసం చెవి కోయించుకోబోతున్నాను. సగం రోజులు అది జరుగుతుందని నమ్ముతాను, సగం రోజులు మంచం దిగబుద్ధి కాదు.

పోయిన వారం హిందూపురం ఆస్పత్రిలో ఆపరేషన్‌కు పేరు రాయించడానికి పోయాను. నాయన వస్తానన్నాడు. వద్దనలేకపోయాను. వసారాలో నేనన్న మాట తరువాత మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. క్షమించమని అడగాలని దారంతా అనుకున్నాను, నోరు రాలేదు. కిటికీ దగ్గర నర్సు వయసు, ఊరు రాసుకుని, తల ఎత్తకుండానే అడిగింది.

"చెవికి దెబ్బ ఎట్లా తగిలింది?"

నాయన నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "చిన్నప్పుడు బావిలో ఈతకు పోయి నేనే చేసుకున్నా సిస్టర్. ఇంట్లోవాళ్లకు తెలీదు."

"కాదమ్మా," అన్నాడు నాయన. "నేను చేసిందది. వాడు నొప్పని ఏడ్చె. నేనే దింపితి. అట్లే రాసుకో."

"నేనే సిస్టర్," అన్నాను.

"నేనమ్మా," అన్నాడు నాయన, నా భుజం పట్టుకుని కిటికీ దగ్గర్నుంచి పక్కకు జరుపుతూ.

ఆమె పెన్ను ఆపి ఇద్దరినీ చూసింది. మా వెనక వరుస తలుపు దాకా ఉంది. రెండూ రాయలేదు. పాత గాయం అని రాసుకుని, షుగరు ఉందా అని అడిగింది.